ఆరో కిలోమీటరు దగ్గర పది నిమిషాలు

నేనొక కారును. ఇరవై మూడు సార్లు పుట్టిన కారును. మనుషులు ఒక్కసారి పుట్టినందుకే జీవితమంతా సణుగుతూ ఉంటారు. నాకు మాత్రం పుట్టడం ఒక ఉద్యోగమైపోయింది. ఎవరో పెద్దవాళ్లు కార్ఖానా చూడడానికి వస్తున్నారని కబురందితే చాలు, నా తలుపులు ఊడదీసేవారు, సీట్లు పీకేవారు, బానెట్ విప్పి గోడకు ఆనించేవారు. నన్ను వరుస మొదటికి నెట్టుకెళ్లి నిలబెట్టేవారు. పెద్దవాళ్లు చూస్తుండగా అవన్నీ ఒక్కొక్కటే మళ్లీ బిగించి, చివరన మెడలో కాగితం పూలదండ వేసి బయటికి తోలేవారు. చప్పట్లు, ఫొటోలు. పెద్దవాళ్లు అటు వెళ్లగానే నేను ఇటు షెడ్డులోకి పోయేదాన్ని.

నేను పుట్టిన దేశం పేరు చెప్పను. పేర్లు చెప్పకపోవడం అక్కడ నేర్చుకున్న మర్యాద. చలి సముద్రం ఒడ్డున, బయటి లోకానికి తలుపులు వేసుకుని కూర్చున్న దేశమది. ఏడాదికి రెండు ఓడలు వస్తే గొప్ప. అలాంటి దేశానికి కార్లు తయారు చేయాలని బుద్ధి పుట్టింది. సగం వాటా ప్రభుత్వానిది, సగం వాటా ఎక్కడో దూరాన ఉన్న ఒక విదేశీ కంపెనీది. ఏడాదికి పది వేల కార్లు చేసే కార్ఖానా కట్టారు. నాకు తెలిసిన కాలంలో అది చేసినవి నాతో కలిపి నూట అరవై. విడిభాగాల పెట్టెలు వస్తే కదా చేసేది! వచ్చినా కొనేవాళ్లు లేరు. అనుమతి లేకుండా ఎవరూ కారు కొనకూడదు, ఆ అనుమతి ఎవరూ ఇవ్వకూడదు. రోడ్లు మాత్రం చాలా విశాలంగా కనిపించేవి. ఖాళీ రోడ్లు ఎక్కడైనా అలాగే కనిపిస్తాయనుకుంటాను.

అయితే ఈ తెలుగెక్కడిదని అడుగుతారు. దానికి కారణం అనకాపల్లి దగ్గరి కర్రి సన్యాసినాయుడు. వాటాదార్లిద్దరికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు. అందుకని, కారు చివరి తనిఖీ చేసి సంతకం పెట్టే మనిషి ఈ దేశంవాడూ కాకూడదు, ఆ కంపెనీ దేశంవాడూ కాకూడదని ఒప్పందంలో రాసుకున్నారు. గాజువాకలో బస్సు బాడీలు కట్టే షెడ్డులో ఇరవయ్యేళ్లు పనిచేసిన సన్యాసినాయుడు ఏదో ఏజెంటు ద్వారా అలా వచ్చి పడ్డాడు. ఐదేళ్ల ఒప్పందం. మధ్యలో వెళ్లడానికి వీల్లేదు. ఆ దేశం మొత్తం మీద ఆయనతో తెలుగు మాట్లాడే ప్రాణి లేదు. మనిషికి మాట్లాడకపోతే పిచ్చెక్కుతుంది కదా, నాతో మాట్లాడేవాడు.

"ఏటే, ఈయాల కూడా పుట్టీసినావా?" అని బానెట్ మీద తట్టేవాడు. "మా రత్నానికి ఇద్దర్ని కనీసరికే పేణం మీదకొచ్చింది. నువ్వు గట్టిదానివే."

రత్నమంటే ఆయన భార్య నూకరత్నం. ఆమె ఉత్తరాలు మధ్యమధ్య నల్లసిరా పూతలతో వచ్చేవి. వాటిని నా డ్రైవరు సీట్లో కూర్చుని పైకి చదివేవాడు. ఒకసారి ఆమె పనసపొట్టు కూర వండిన సంగతి రాస్తే, అందులో రెండు వరుసలు చెరిపేశారు. ఆవపిండిలో వాళ్లకేం రహస్యం కనిపించిందో నాకిప్పటికీ అర్థం కాలేదు. ఆయన మాత్రం ఆ నల్లగీతల మీద వేలు పెట్టి, లెక్కగట్టి, "ఇక్కడ మిరపకాయలు ఏపమన్నాది" అనేవాడు.

కొన్నాళ్లకు ఆయనకు ఒక నోరున్న తోడు దొరికింది. పేరు కొరిన్. అక్కడివాడే. నలభై దాటిన మనిషి, తలుపులు బిగించే పని. సన్యాసినాయుడికి సాయంగా వేశారు. పొడుగ్గా, కొంచెం వంగి, ఎప్పుడూ దేనికో క్షమాపణ చెప్పబోతున్నట్టు నిలబడేవాడు. రెండేళ్లలో తెలుగు పట్టేశాడు. పట్టిందంతా అనకాపల్లి తెలుగే. సన్యాసినాయుణ్ణి "బావా" అని పిలిచేవాడు. బావ అంటే ఏమిటో తెలిసే పిలిచాడో లేదో కానీ, మొదటిసారి ఆ మాట విన్నరోజు సన్యాసినాయుడు మొహం పక్కకు తిప్పుకుని నా అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అద్దం శుభ్రంగానే ఉంది.

కొరిన్ భార్య మాయున్. ఆమె నాకు ఇతనికంటే ముందు తెలుసు. నా సీట్లు కుట్టింది ఆమే. నా మొదటి పుట్టుకప్పుడు వెనక సీటు ఎడమ అంచున చివరి కుట్టు వేస్తూ ఏదో కూనిరాగం తీసింది. సూది ఎప్పుడూ కోటు కాలరుకు గుచ్చుకునేది. సీటు గుడ్డలోంచి లేచే నూగు ఏళ్ల తరబడి పీల్చి దగ్గు పట్టుకుంది. నా నాలుగో పుట్టుక తరవాత ఆమెను సముద్రం పక్కన ఉప్పుమళ్ల దగ్గరున్న విశ్రాంతి గృహానికి పంపేశారు. నెల రోజులన్నారు. అక్కడా సూదిపనే అప్పజెప్పారు. నెలలు గడిచాయి. కొరిన్ ఒక్కసారి కూడా వెళ్లలేదు. భార్య మీద ప్రేమ లేదేమోనని నేను తప్పుగా అనుకున్నాను. ఆ మాటకొస్తే సన్యాసినాయుడూ అలాగే అనుకున్నాడు.

"ఆరు కిలోమీటర్లే కదేటి? నడిసి ఎల్లిపోరాదా?" అని ఒకరోజు అడిగేశాడు.

"ఊరి సివర గేటుంది బావా. కాగితం కావాల."

"అయితే కాగితం అడుగు."

"అడిగినాను. ఇవ్వరు."

"ఎందుకివ్వరు?"

కొరిన్ చేతిలోని స్పానర్‌ను గుడ్డతో తుడిచాడు. మళ్లీ తుడిచాడు. చివరికి నేల చూస్తూ, "నీ పక్కన పని సేత్తన్నాను కదా," అన్నాడు.

అక్కడ అదొక నియమం. విదేశీయుడి పక్కన పనిచేసేవాళ్లు ఊరు దాటకూడదు. సన్యాసినాయుడు ఆ రోజు భోజనానికి వెళ్లలేదు. నా సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకుని ఉండిపోయాడు. "నానిక్కడున్నన్నాళ్లూ ఆడు పెళ్లాం మొగం సూడ్డానికి నేదంట. విన్నావేటే?" అన్నాడు. విన్నాను. కానీ హారన్ కూడా నా అంతట నేను మోగించుకోలేను.

ఇక్కడ మీకు మా కార్ఖానా గుట్టు ఒకటి చెప్పాలి. ఒప్పందం ప్రకారం వరుస దిగిన ప్రతి కారునూ రోడ్డు మీద పన్నెండు కిలోమీటర్లు నడిపి చూడాలి, ఆ తరవాతే తనిఖీదారు సంతకం పెట్టాలి. పెట్రోలు ఎక్కడిది? అందుకని స్పీడోమీటరు తీగను ఒక డ్రిల్లుకు తగిలించి గిర్రున తిప్పేవారు. అంకెలు పన్నెండు దగ్గరికి రాగానే ఆపేవారు. నేను కదలకుండానే, షెడ్డులో నిలబడి, ఆరు పుట్టుకలకు డెబ్భై రెండు కిలోమీటర్లు ప్రయాణం చేశాను. ప్రతిసారీ సన్యాసినాయుడు సిగ్గుతో చచ్చిపోతూ సంతకం పెట్టాడు.

ఏడోసారి పెట్టనన్నాడు.

అవతల మూడు రోజుల్లో ఓ పెద్ద బృందం వస్తోంది. డైరెక్టరు గారు స్వయంగా షెడ్డుకు వచ్చారు. గుండ్రటి మనిషి, ఎవరినీ నొప్పించడం ఇష్టం లేనివాడు, అందువల్ల అందరినీ భయపెట్టేవాడు. "ఈ ఒక్కసారికి సంతకం చేయండి, నాయుడు గారూ," అన్నారు.

"రోడ్డు మీద నడపకుండా చెయ్యనండి. ఒప్పందంలో ఉంది."

చాలాసేపు నడిచిందది. ఆఖరికి డైరెక్టరు గారు దిగొచ్చారు. కానీ పెట్రోలు గుర్తొచ్చి ఒక మెలిక పెట్టారు. ఈ పరీక్ష ఈ ఒక్క కారుకే, చాసిస్ నెంబరు వేసి మరీ కాగితం రాసుకు రమ్మన్నారు. గడుసుగా చేశాననుకున్నారు పాపం. ఇరవైసార్లకు పైగా పుట్టబోయే కారు ఇదేనన్న సంగతి ఆ క్షణాన ఆయనకు తట్టలేదు.

కాగితం సన్యాసినాయుడే టైపు చేశాడు. పద్నాలుగు అంశాలు. బ్రేకులు, లైట్లు, గేర్లు, అన్నీ సక్రమంగా రాసుకుంటూ వచ్చి మధ్యలో రెండు దూర్చాడు. తొమ్మిది: ఆరో కిలోమీటరు దగ్గర ఇంజను ఆపి పది నిమిషాలు చల్లారనివ్వాలి. పది: ఆ సమయంలో అక్కడున్న సీట్లు కుట్టే మనిషి వెనక సీట్లో కూర్చుని కుట్టు పరీక్షించాలి, తలుపులు బిగించిన మనిషి పక్కన ఉండాలి. ఆ దేశంలో మనిషి నోటి మాటకు విలువ లేదు కానీ, రెండు ముద్రలున్న కాగితానికి ఎదురు లేదు. పెట్రోలు గురించే ఆలోచిస్తూ డైరెక్టరు గారు ముద్రలు రెండూ కొట్టేశారు.

అలా ఏడో పుట్టుక నాడు మొదటిసారి గేటు దాటాను. డ్రైవరు సీట్లో సన్యాసినాయుడు. పక్కన చేతిగడియారం, నోటు పుస్తకంతో ఒక అధికారి. మేము ఏం చేసినా ఏం మాట్లాడినా రాసుకోవడం అతని పని. వెనక కొరిన్. నా చక్రాల కింద నిజమైన రోడ్డు, నిజమైన గుంతలు. ఇంత మంది పెద్దవాళ్లు చప్పట్లు కొట్టినా కలగని సంతోషం ఆ మొదటి గుంతలో పడ్డప్పుడు కలిగింది.

ఉప్పుమళ్ల దగ్గర బూడిదరంగు భవనం ముందు ఆగాం. అక్కడి మేట్రన్ కాగితం రెండుసార్లు చదివి, ముద్రలు వెలుతురుకు పెట్టి చూసి, లోపలికి వెళ్లింది. మాయున్ బయటికొచ్చింది. బూడిదరంగు కోటు, కాలరుకు సూది. కారులో ఎవరున్నారో ఆమెకు చెప్పలేదు. తలుపు తీసి చూసి, అక్కడే ఆగిపోయింది.

"కూర్చోవాలి. పదో అంశం," అన్నాడు అధికారి గడియారం చూసుకుంటూ.

ఏడాది తరవాత కలిసిన ఆ ఇద్దరికీ మొదటి రెండు నిమిషాలు మాటే రాలేదు. తరవాత కొరిన్ "దగ్గు తగ్గిందా?" అన్నాడు. "రాత్రిళ్లు ఎక్కువ," అంది. అధికారి సీటు కుట్టు అని రాసిన చోట దగ్గు సంగతి కూడా నిజాయితీగా రాసుకున్నాడు. ఇంటి పొయ్యి గొట్టం బాగు చేయించావా అని ఆమె అడిగింది. చేయించానని అతను అబద్ధం చెప్పాడు. చేతులు సీటు మీద దగ్గర దగ్గరగా పెట్టుకున్నారు. సన్యాసినాయుడు పది నిమిషాలూ అద్దంలోకి చూడకుండా, ఎదుటి సముద్రాన్నే చూస్తూ కూర్చున్నాడు.

ఇక నిమిషం ఉందనగా మాయున్ కుట్టు చూడడానికన్నట్టు వంగింది. ఎడమ అంచున తను వేసిన కుట్టునే పళ్లతో పుటుక్కున కొరికింది. నాకు చక్కిలిగింత పెట్టినట్టయింది. లేచి, అధికారి వైపు తిరిగి, "ఇక్కడ కుట్టు ఊడింది. ఈసారి వచ్చినప్పుడు మళ్లీ చూడాలి," అంది.

అతను రాసుకున్నాడు: మళ్లీ చూడాలి. రాసింది రాసినట్టు జరిగి తీరాలి కదా.

తిరుగుదారిలో సన్యాసినాయుడు ఆపుకోలేక నవ్వాడు. "ఒరే బావా! నాను పద్నాలుగు అంశాలు టైపు కొట్టినాను. మీయావిడ ఒక్క పంటి గాటుతో కొట్టీసింది!" అన్నాడు. వెనక సీట్లో కొరిన్ నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో, సీటు కదలడం మాత్రం నాకు తెలిసింది.

అప్పటినుంచి పుట్టుకంటే నాకు విసుగు పోయింది. బృందాల కోసం ఎదురుచూడడం నేర్చుకున్నాను. చేపలవాళ్ల సంఘం, పంతుళ్ల సంఘం, ఏదో దేశపు స్నేహ మండలి, ఎవరొస్తే వాళ్లే మాకు చుట్టాలు. కొరిన్ నా తలుపులు విప్పుతూ కూనిరాగం తీసేవాడు, మాయున్ తీసినదే. ప్రతిసారీ ఆమె పాత గాటును కుట్టి, పక్కన కొత్త గాటు పెట్టేది. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి నాకు తెలుసు. వచ్చిన ప్రతిసారీ ఆమె కిందటిసారి కంటే తేలికగా కూర్చునేది. సీటు స్ప్రింగులు అబద్ధం చెప్పవు. నాకు నోరుంటే కొరిన్‌కు చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదనుకుంటాను.

పదహారుసార్లు కలిశారు. పది నిమిషాల చొప్పున.

తరవాత లోకం ఆ దేశం మీద అలిగిందో, ఆ దేశమే లోకం మీద అలిగిందో, ఓడలు ఆగిపోయాయి. బృందాలు రావడం మానేశాయి. నూకరత్నం ఉత్తరాలు కూడా, నల్లగీతలతో సహా, రావడం మానేశాయి. వరుస మీద దుమ్ము పేరుకుంది. కొరిన్ రోజూ నా తలుపు మడతలకు నూనె వేసేవాడు, పిలుపు వస్తే ఆలస్యం కాకూడదని.

"ఎవురైనా వత్తన్నారా బావా?" అని రోజూ ఒకే ప్రశ్న.

"వత్తారు. వచ్చే నెల్లో వత్తారంట," అని రోజూ ఒకే అబద్ధం. అలా పద్నాలుగు నెలలు. ఆ రోజుల గురించి ఇంతకంటే చెప్పను. షెడ్డులో ముగ్గురం ఉండి, ముగ్గురం ఒంటరిగా ఉన్నాం.

ఇరవై మూడోసారి విదేశీ కంపెనీ నుంచి ముగ్గురొచ్చారు. డైరెక్టరు గారు ఆత్రంగా నన్ను విప్పించి, బిగించి, దండ వేయించారు. వాళ్లు మర్యాదకు చప్పట్లు కొట్టారు. తరవాత సంచిలోంచి కార్ఖానా మూసివేత కాగితాలు తీశారు. ఇక కార్లు లేవు. అయినా నేను వరుస దిగాను కదా, సన్యాసినాయుడు తన పాత కాగితం తీసి చూపించాడు. రెండు ముద్రలు. ఎవరూ కాదనలేకపోయారు.

కొరిన్ ఆ రోజు గడ్డం గీసుకున్నాడు. జేబులో ఏదో పొట్లం. ఎండబెట్టిన పళ్లనుకుంటాను. దారి పొడవునా మాట్లాడుతూనే ఉన్నాడు. పొయ్యి గొట్టం ఈసారి నిజంగానే బాగు చేయించాడట.

మేట్రన్ కాగితం చదివి లోపలికి వెళ్లింది. బూడిదరంగు కోటు, కాలరుకు సూది. ఒకామె వచ్చి తలుపు తీసి కూర్చుంది. ఆ బరువు నాకు కొత్త. చిన్న వయసు. కొరిన్ ఆమెను దాటి భవనం గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాడు.

"కుట్టు చూడమన్నారు," అందామె.

"మాయున్?" అన్నాడు.

ఆమె ముందు సీట్లోని అధికారి వైపు చూసింది. అతను కాగితం చూసుకున్నాడు. కాగితంలో సీట్లు కుట్టే మనిషి అని ఉంది కానీ పేరు లేదు. జాగ్రత్తగా రాసుకున్నానని సన్యాసినాయుడు అన్నాళ్లూ మురిసిపోయిన కాగితం.

"ఆమె మంచు పడక ముందే పోయింది," అందామె నెమ్మదిగా. "ఆమె సూదిపని ఇప్పుడు నేను చేస్తున్నాను. మీకు కబురు రాలేదా?"

సన్యాసినాయుడి వేళ్లు నా స్టీరింగు మీద బిగుసుకున్నాయి. వెనక్కి తిరగలేదు. తిరిగే ధైర్యం ఆయనకు లేకపోయింది. తరవాత కొరిన్ అక్కడ ఇంకెవరికీ అర్థం కాని భాషలో అడిగాడు.

"బావా, ఇంకెన్ని నిమిసాలుంది?"

"ఏడు. ఎల్లిపోదామేటి?"

"ఒద్దు. ఉండనీ."

ఉన్నాం. ఆ అమ్మాయికి ఏం చేయాలో తోచలేదు. ఊరికే కూర్చోలేక సీటు అంచు తడిమింది. ఎడమ పక్కన ఊడిన కుట్టు వేళ్లకు తగిలింది. పనిమంతురాలు. కాలరు నుంచి సూది తీసి, శ్రద్ధగా, దగ్గర దగ్గరగా కుట్టి, చివర రెండు ముళ్లు వేసింది. కొరిన్ ఆమె వేళ్లనే చూస్తున్నాడు. వద్దని ఒక్క మాట అనలేదు. ఏమని వద్దంటాడు?

"ఇప్పుడు గట్టిగా ఉంది. మళ్లీ చూడక్కర్లేదు," అందామె.

అధికారి రాసుకున్నాడు: మళ్లీ చూడక్కర్లేదు.

ఆ వారమే సన్యాసినాయుడు ఓడ ఎక్కాడు. ఎక్కే ముందు షెడ్డుకొచ్చాడు. "నాను రాకపోతే నువ్వు కాగితం తెచ్చుకుని, దినం దినం ఎల్లి సూసుకునీవోడివి," అన్నాడు కొరిన్‌తో. "అప్పుడైనా ఇచ్చీవోరో నేదో ఎవుడికెరిక బావా," అని కొరిన్ ఆయన కోటు గుండీ పెట్టాడు. నా దగ్గరికొచ్చి సన్యాసినాయుడు బానెట్ మీద చెయ్యి వేశాడు. "ఉంటానే," అన్నాడు. ఎప్పుడూ తట్టేవాడు, ఆ రోజు తట్టలేదు.

విదేశీయుడు వెళ్లిపోయిన ఇరవయ్యో రోజున కొరిన్‌కు గేటు దాటే పాస్ వచ్చింది. అడక్కుండానే వచ్చింది. ఒక రోజుకు, ఒక మనిషికి. ఆరు కిలోమీటర్లూ నడిచి వెళ్లి, నడిచి వచ్చాడు. ఏం చూశాడో నాకు చెప్పలేదు.

ఇప్పుడు నేను కార్ఖానా చరిత్ర మందిరంలో ఉన్నాను. చుట్టూ ఎర్రతాడు. దేశంలో అన్నిటికంటే ఎక్కువసార్లు పరీక్ష నెగ్గిన కారునని బోర్డు పెట్టారు. స్పీడోమీటరు రెండు వందల డెబ్భై ఆరు చూపిస్తోంది. అందులో డెబ్భై రెండు డ్రిల్లువి, మిగిలినవి నావి. చూడడానికి ఎవరూ రారు. కాపలా మనిషి మాత్రం రోజూ వచ్చి దుమ్ము తుడుస్తాడు. కొరినే.

పాస్ మీద వెళ్లొచ్చిన మర్నాడు అతను ఎర్రతాడు దాటి, తలుపు తీసి, వెనక సీట్లో కూర్చున్నాడు. చాలాసేపటికి ఎడమ అంచు మీదికి వంగాడు. రెండు ముళ్లు కదా, అతనికి అలవాటు లేని పని. పళ్లతో పట్టి లాగాడు, జారిపోయింది, మళ్లీ పట్టుకున్నాడు. చివరికి కుట్టు తెగింది. నోట్లోని దారం పోగు తీసి, జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ దేశంలో మా ఇద్దరికే తెలిసిన భాషలో, నెమ్మదిగా నాతో అన్నాడు.

"ఏటే, ఇక్కడ ఊడింది. మళ్లీ సూడాల."